పశువైద్యం గురించి ఇంటర్ మొదటి ఏడాదిలోనే చెప్పండి: విశాఖ జూనియర్ కళాశాలలకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని జూనియర్ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, బైపీసీ అధ్యాపకులకు,

నమస్కారం.

ఏటా నీట్ ఫలితాలు వచ్చి, ఎంబీబీఎస్ కౌన్సెలింగ్ మొదటి రౌండు ముగిసిందంటే చాలు, పశువైద్యులకు తల్లిదండ్రుల ఫోన్లు మొదలవుతాయి. "పాపకి మెడిసిన్ రాలేదండీ, వెటర్నరీ వచ్చేలా ఉంది, చేర్పించమంటారా?" అని అడుగుతారు. అప్పటికి వెబ్ ఆప్షన్లకు రెండు రోజుల గడువు కూడా మిగలదు. ఆ అమ్మాయి గేదెను దగ్గరనుంచి చూసి ఉండదు, పశువుల ఆసుపత్రి గేటు దాటి ఉండదు. అయిదున్నరేళ్ల చదువును, ఆ తర్వాత జీవితమంతా చేసే పనిని ఆ రెండు రోజుల్లోనే తేల్చుకోవాలి. ఇలా చేరినవాళ్లలో బాగా రాణించేవాళ్లు ఉన్నారు. ఏడుస్తూ ఏళ్లు గడిపేవాళ్లూ ఉన్నారు. ఆ రెండో రకం తగ్గాలంటే మీ సాయం కావాలి. పశువైద్య విద్య గురించి ఇంటర్ మొదటి ఏడాదిలోనే పిల్లలకు చెప్పండి, పని ఎలా ఉంటుందో చూపించండి. చూపించే బాధ్యత మాది. చెప్పడానికి మీకు పనికొచ్చే వివరాలు ఇక్కడ రాస్తున్నాం.

పశువైద్య డిగ్రీ అయిన బీవీఎస్సీ అండ్ ఏహెచ్ కోర్సు అయిదున్నరేళ్లు. ఇందులో నాలుగున్నరేళ్లు తరగతులు, ఏడాది తప్పనిసరి ఇంటర్న్‌షిప్. ఇది వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2016 నిబంధనల లెక్క. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో కళాశాలలు ఉన్నాయి. తిరుపతి కళాశాల 1955 నుంచి ఉన్నది. గరివిడి మనకు పొరుగునే, విజయనగరం జిల్లాలో ఉంది. రైలు దిగితే కళాశాల ఉన్న ఊరే. ఈ సంగతి విశాఖలో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. వెటర్నరీ అనగానే తిరుపతి అనుకుని, అమ్మాయిని అంత దూరం పంపలేమని మానేస్తారు.

ప్రవేశాల దగ్గర జరిగే పొరపాట్లు ఏటా అవే. దేశంలోని గుర్తింపు పొందిన కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాలో, నీట్ ర్యాంకు ఆధారంగా నింపుతారు. ఈ కౌన్సెలింగ్‌ను వెటర్నరీ కౌన్సిల్ విడిగా జరుపుతుంది, దానికి రిజిస్ట్రేషన్ కూడా విడిగానే చేసుకోవాలి. ఎంబీబీఎస్ కౌన్సెలింగ్‌లో పేరు ఇచ్చేశాం కదా అనుకుని ఊరుకున్నవాళ్లకు మంచి ర్యాంకు ఉన్నా సీటు రాదు. రాష్ట్ర కోటా సీట్లకు మన పశువైద్య విశ్వవిద్యాలయం ఇచ్చే నోటిఫికేషన్ వేరు. ఏ పరీక్ష ర్యాంకు చూస్తారు, ఏయే పత్రాలు కావాలి అన్నది ఆ ఏడాది నోటిఫికేషన్ చదివే తెలుసుకోవాలి. నిరుడు చేరిన సీనియర్ మాట పట్టుకుని దరఖాస్తు చేయొద్దు. బైపీసీ పిల్లల చేత నీట్, ఈఏపీసెట్ రెండూ రాయించడం క్షేమం. వయసు ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 నిండాలి. కనీస మార్కుల లెక్కలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలతో పాటు ఇంగ్లిష్‌ను కూడా కలుపుతారు. ఇంగ్లిష్ పేపరును పాసైతే చాలులే అని వదిలేసే పిల్లలకు ఈ ముక్క ముందే చెప్పాలి.

పత్రాల విషయంలో ఆలస్యం మీ కళాశాల స్థాయిలోనే నివారించవచ్చు. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, ఈడబ్ల్యూఎస్ అయితే ఆ ఆర్థిక సంవత్సరానికి చెల్లే పత్రం జూన్ నాటికే ఫైల్లో ఉండాలి. మధ్యలో బడి మారిన పిల్లలకు పాత బడి మూతపడి స్టడీ సర్టిఫికెట్ దొరక్కపోవడం నగరంలో తరచూ జరిగేదే. రైతు కోటా కింద దరఖాస్తు చేసేవాళ్లకు భూమి పత్రాలు తల్లిదండ్రుల పేరున సక్రమంగా ఉన్నాయో లేదో ముందుగా చూసుకోమనండి. తాత పేరు మీదే ఉండిపోయిన పాస్‌బుక్కును కౌన్సెలింగ్ వారంలో మార్పించడం అయ్యే పని కాదు.

ఇతర రాష్ట్రాల ప్రైవేటు కళాశాలల ఏజెంట్లు కూడా ఆ నెలల్లోనే ఫోన్లు చేస్తారు. ఒక్క రూపాయి కట్టే ముందు ఆ కళాశాల ఇచ్చే డిగ్రీ 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం మొదటి షెడ్యూలులో ఉందో లేదో చూడాలి. అందులో లేని డిగ్రీతో రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేనివారికి అదే చట్టం 30వ సెక్షన్ ప్రకారం వైద్యం చేసే హక్కు లేదు. పదో తరగతి తర్వాత చేసే రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా కూడా మంచి చదువే. పల్లెల్లో పశువులకు మొదట అందేది వాళ్ల సేవే. అయితే డిప్లొమా చేసినవారు పశువైద్యుల పర్యవేక్షణలో చిన్నపాటి చికిత్సలు మాత్రమే చేయాలి, శస్త్రచికిత్సలు చేయకూడదు. ఈ తేడా తెలియక డిప్లొమాలో చేరి, తర్వాత బాధపడేవాళ్లున్నారు.

ఇక చదువు సంగతి. విశాఖలో పెరిగిన పిల్లలు ఎక్కువమంది కుక్క, పిల్లి మీద ప్రేమతో ఈ కోర్సు కోరుకుంటారు. ఆ ప్రేమ మంచిదే, కానీ పాఠాల్లో సింహభాగం ఆవు, గేదె, గొర్రె, మేక, కోడిదే. మొదటి ఏడాది అనాటమీలో ఫార్మలిన్ వాసన మధ్య నిలబడి, ఒకే ఎముక ఆవులో ఎలా ఉంటుంది, గుర్రంలో, కుక్కలో, కోడిలో ఎలా మారుతుంది అని పోల్చి నేర్చుకోవాలి. ఆ పోలికే తర్వాత మందుల్లోనూ వెంటాడుతుంది. గుర్రానికి మత్తుకోసం ఇచ్చే జైలజీన్ మోతాదులో పదో వంతు ఆవుకు సరిపోతుంది. మనుషుల ఇళ్లలో ఉండే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. గుర్తుపెట్టుకోవడం ఇష్టం లేని విద్యార్థికి ఇక్కడ కష్టం. లెక్కలంటే భయపడి బైపీసీ తీసుకున్న విద్యార్థికీ కష్టమే. మందు మోతాదంతా శరీర బరువు మీదే ఆధారపడుతుంది, పాకలో గేదెను తూచే కాటా ఉండదు. టేపుతో ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి తుంటి చివరి ఎముక దాకా పొడవు అంగుళాల్లో కొలుస్తాం. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే బరువు సుమారుగా కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 66, పొడవు 55 అంగుళాలు ఉన్న పశువు 363 కిలోలు. కంటితో చూసి నాలుగు వందలు ఉంటుందని అనుకుంటే మత్తుమందు ఎక్కువవుతుంది, మూడు వందలు అనుకుంటే యాంటీబయాటిక్ తక్కువవుతుంది.

పని ఎలా ఉంటుందో ఒక కేసు చెబితే పిల్లలకు అర్థమవుతుంది. పాలజ్వరం చెప్పండి. బాగా పాలిచ్చే గేదె మూడో ఈతో నాలుగో ఈతో ఈనిన 72 గంటల్లోపు కూలబడిపోతుంది. మెడ డొక్క వైపు తిప్పుకుని పడుకుంటుంది. చెవులు చల్లగా ఉంటాయి, ముట్టె ఎండి ఉంటుంది, పేడ వేయదు. కాల్షియం ఒక్కసారిగా పాలలోకి పోయి రక్తంలో తగ్గడంతో కండరాలు పనిచేయడం మానేస్తాయి. దీనికి 450 మిల్లీలీటర్ల కాల్షియం బోరోగ్లూకోనేట్ సీసాను మెడ దగ్గరి సిరలోకి ఎక్కిస్తాం. సీసాను గోరువెచ్చగా చేసి, ఒక చేత్తో గొట్టం, ఇంకో చేత్తో స్టెతస్కోప్ పట్టుకుని, గుండె చప్పుడు వింటూ పదిహేను ఇరవై నిమిషాల పాటు నెమ్మదిగా వదలాలి. తొందరపడితే గుండె ఆగిపోతుంది. లయ తప్పినట్టు వినపడగానే ఆపాలి. అంతా సరిగ్గా జరిగితే ముందు ఒళ్లు సన్నగా వణుకుతుంది, త్రేన్పు వస్తుంది, పేడ వేస్తుంది, ఆ తర్వాత ముందుకు ఊగి లేచి నిలబడుతుంది.

అదే కేసు చెడిపోయేదీ ఎక్కువగా ఒకే కారణంతో. డాక్టరు వచ్చేలోపు ఎవరో ఒకరు వెదురు గొట్టంతో నోట్లో మందు పోసేస్తారు. గొంతు కండరాలూ పట్టు తప్పి ఉంటాయి కాబట్టి ఆ మందు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కాల్షియంతో లేచిన గేదె నాలుగు రోజుల తర్వాత న్యుమోనియాతో పోతుంది. నింద మాత్రం ఇంజెక్షన్ మీద పడుతుంది. అందుకే గేదె లేచాక కూడా డాక్టరు పని అయిపోదు. రెండు రోజులు పొదుగులో పాలు పూర్తిగా పిండొద్దని, పిండితే మళ్లీ పడిపోతుందని, ఈసారి పడిపోతే నోట్లో ఏమీ పోయొద్దని ఇంట్లో పెద్దావిడ దాకా అర్థమయ్యేలా చెప్పాలి. మాట్లాడటం ఇష్టం లేదు కాబట్టి మనుషుల డాక్టర్ కన్నా ఇదే నయం అనుకునే పిల్లలు ఉంటారు. ఈ వృత్తిలో రోగి మాట్లాడదు, అందుకని యజమానితో మరింత ఓపిగ్గా మాట్లాడాలి.

కృత్రిమ గర్భధారణ చూడటానికి అతి సులువుగా కనిపించే పని. వీర్యం నింపిన పావు మిల్లీలీటరు స్ట్రా మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంటుంది. కంటెయినర్ మెడ దాటి పైకి ఎత్తి, ఏ ఎద్దుదో చదువుతూ కాసేపు అలాగే పట్టుకుంటే లోపలి కణాలు అక్కడే చస్తాయి. తీసిన స్ట్రాను 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచాలి. చొక్కా జేబులో పెట్టి కరిగించే అలవాటు వల్ల ఎన్ని చూడులు తప్పిపోయాయో లెక్కలేదు. ఉదయం ఎదకు వచ్చిన పశువుకు సాయంత్రం, సాయంత్రం వచ్చినదానికి మర్నాడు ఉదయం చేయాలి. గేదెల్లో పైకి లక్షణాలు కనపడని మూగ ఎద ఎక్కువ, అది గుర్తించడానికే అనుభవం కావాలి.

నగరంలో కుక్కల క్లినిక్ వేరే లోకం. ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో క్లినిక్ పెడితే పార్వో వైరస్ సోకి విరేచనాలతో వచ్చే కుక్కపిల్లలు, పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు, వానాకాలంలో లెప్టోస్పైరోసిస్, ఏడాది పొడవునా చర్మవ్యాధులు ఉంటాయి. పార్వో టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాల దాకా వేయాలి. ఒక్క డోసు వేయించి ఆపేసిన కుక్కపిల్లలే మళ్లీ సెలైన్‌తో కనిపిస్తాయి. క్లినిక్ పెట్టాలంటే కాటా, మైక్రోస్కోపు, పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండే టీకాల ఫ్రిజ్ కనీస అవసరాలు. ఎక్స్‌రే పెడితే అణుశక్తి నియంత్రణ మండలి రిజిస్ట్రేషన్, జీవవైద్య వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తప్పవు. పెట్టుబడి లేనివారు రెండు మూడేళ్లు వేరొకరి దగ్గర పనిచేసి మొదలుపెట్టడమే మంచిదని మా అభిప్రాయం.

"ఆడపిల్ల చేసే పనేనా?" అన్న ప్రశ్న మీరూ వింటుంటారు. సూటిగా జవాబు చెప్పండి: చేసే పనే. కష్టమైన ఈత దగ్గర బలం కన్నా పద్ధతి ముఖ్యం. తోక మొదట్లో తిమ్మిరి మందు 2 శాతం లిగ్నోకైన్ 5 మిల్లీలీటర్లు వేస్తే ఆవు ముక్కడం ఆపుతుంది. అప్పుడు చెయ్యి పెట్టి దూడ తల, కాళ్లు ఎలా ఉన్నాయో చూసి, సరిచేసి, గిట్ట పై కీలుకు ఎగువన తాడు కట్టి, నూనె పూసి, ఒక కాలు తర్వాత ఒక కాలు లాగాలి. మెడ వెనక్కి తిరిగిన దూడను పదిమంది కలిసి లాగినా రాదు, పైగా తల్లి గర్భాశయం చిరుగుతుంది. గొర్రె, మేక ఈతల్లో చిన్న చెయ్యే మేలు.

ప్రమాదాలను దాచొద్దు. రేబిస్ ముందస్తు టీకా 0, 7, 21 లేదా 28 రోజుల్లో మూడు డోసులు వేయించుకున్నాకే విద్యార్థి కుక్కలను పట్టాలి. తర్వాత ఎప్పుడు కరిచినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, 0, 3 రోజుల్లో రెండు డోసులు వేయించుకోవాల్సిందే. బ్రూసెల్లోసిస్ మరీ మోసకారి. ఈసుకుపోయిన (నెలలు నిండకుండానే గర్భం పోయిన) పశువు మాయను చేతితొడుగు లేకుండా తీసినా, పెయ్యదూడలకు 4 నుంచి 8 నెలల వయసులో వేసే టీకా సూది పొరపాటున వేలికి గుచ్చుకున్నా మనిషికి సోకుతుంది. నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు పట్టుకుంటాయి. మన్యంలో పనిచేసేవారికి దొమ్మరోగం (ఆంత్రాక్స్) మీద ఎప్పుడూ అనుమానం ఉండాలి. హఠాత్తుగా చచ్చి, ముక్కునుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్న పశువును కోయకూడదు. కోస్తే గాలి తగిలి క్రిమి గట్టి గింజలా (స్పోర్‌గా) మారి దశాబ్దాల పాటు నేలలో బతుకుతుంది. చెవి చివరనుంచి రక్తపు చుక్క గాజుపలక మీద తీసి, కళేబరాన్ని ఆరడుగుల లోతున సున్నం వేసి పాతించాలి. ఆ మాంసం వృథా అవుతుందని ఊరంతా ఒత్తిడి చేస్తుంది. అక్కడ కాదని నిలబడాల్సింది ఒంటరిగా వెళ్లిన పాతికేళ్ల డాక్టరే.

ఉద్యోగాల గురించి తల్లిదండ్రులు అడిగేది సర్కారు కొలువే. పశుసంవర్ధక శాఖలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టుకు నోటిఫికేషన్ ఏటా వస్తుందని చెప్పకండి, రాదు. ఈలోగా 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాల్లో, డెయిరీల్లో, కోళ్ల పరిశ్రమలో, మందుల కంపెనీల్లో పని దొరుకుతుంది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రం మనది, కోళ్ల వైద్యం తెలిసినవారికి గిరాకీ తగ్గదు. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్, ఆహార భద్రతా అధికారి, సైన్యంలోని రిమౌంట్ వెటర్నరీ కోర్, యూపీఎస్సీ జరిపే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష, వీటన్నిటికీ ఈ డిగ్రీ అర్హత. ఇందిరాగాంధీ జూ చూసి వచ్చి పులుల డాక్టర్ అవుతామనే పిల్లలను నిరుత్సాహపరచవద్దు, కానీ అలాంటి పోస్టులు బహు తక్కువని చెప్పండి. పశువైద్యంలో పీజీ అయిన ఎంవీఎస్సీకి ఇంకో రెండేళ్లు పడుతుంది. బోధన, పరిశోధన కోరుకునేవారికి అది తప్పనిసరి. 5,000 పశువులకు ఒక పశువైద్యుడు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. పల్లెల్లో ఆ లెక్కకు ఇంకా దూరంగానే ఉన్నాం, అందుకే ఈ చదువుకు అవసరం తీరిపోయే రోజు దగ్గర్లో లేదు.

ఇప్పుడు మా ప్రతిపాదన. దసరా, సంక్రాంతి సెలవుల్లో ఇంటర్ మొదటి ఏడాది పిల్లలను రెండు ఉదయాలు మా దగ్గరకు పంపండి. ఒక రోజు పెందుర్తి, ఆనందపురం వైపు పశువుల ఆసుపత్రిలో, ఒక రోజు నగరంలో కుక్కల క్లినిక్‌లో. ఓపీ పొద్దున్నే మొదలవుతుంది, ఆలస్యంగా వస్తే గేదెల కేసులు అయిపోతాయి. ఒక బృందంలో ఆరుగురికి మించొద్దు, ఎక్కువైతే పశువు బెదురుతుంది. మోకాలి దాకా గమ్‌బూట్లు, పాత నూలు బట్టలు, బిగించి కట్టిన జుట్టు ఉండాలి. గాజులు, ఉంగరాలు, వేలాడే చున్నీలు వద్దు. గోళ్లు కత్తిరించుకుని రావాలి. తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం ఉండాలి. పిల్లలు చూస్తారు, అడుగుతారు, రాసుకుంటారు. టీకాలు లేని పిల్లల చేత కుక్కలను పట్టించం, ఏ పశువునైనా మేం చెప్పినప్పుడే, మేం చూపిన చోటే ముట్టుకోవాలి. తోడుగా వచ్చే లెక్చరర్లలో గర్భిణులు ఉంటే ఈతలు, ఈసుకుపోయిన కేసులు ఉన్న రోజున రావొద్దని మనవి. రక్తం చూసి కళ్లు తిరిగే విద్యార్థి ఉంటే సిగ్గుపడక్కర్లేదు. చాలామందికి రెండోసారికి సర్దుకుంటుంది, సర్దుకోకపోతే అదీ ముందే తెలిసినట్టే.

ఇష్టం పుట్టినవాళ్ల పేర్లు మీ దగ్గర రాసి పెట్టుకోండి. రెండో ఏడాది ఫిబ్రవరిలో వాళ్లతో పాటు తల్లిదండ్రులనూ ఒక గంట కూర్చోబెడితే మేం వచ్చి నోటిఫికేషన్లు, పత్రాలు, ఖర్చులు, హాస్టళ్ల గురించి మాట్లాడతాం. దీనికి రుసుమేమీ లేదు. ప్రిన్సిపాల్ సంతకంతో లెటర్‌హెడ్ మీద విద్యార్థుల సంఖ్య, అనువైన రెండు తేదీలు, బాధ్యత తీసుకునే ఒక లెక్చరర్ పేరు రాసి మీ కళాశాలకు దగ్గరలో ఉన్న పశువుల ఆసుపత్రిలో ఇవ్వండి. దసరా బృందాలకు ఆగస్టు నెలాఖరులోగా అందితే ఏ కళాశాల పిల్లలు ఏ రోజు ఎక్కడికి రావాలో మేం పట్టిక వేసి పంపుతాం.

ఇట్లు,
విశాఖపట్నం నగరంలో, చుట్టుపక్కల మండలాల్లో పనిచేస్తున్న పశువైద్యులం